పాత ప్రాసెసర్ కొనేవాళ్లకు: ఐ7 అన్న పేరు కాదు, ఏ తరానిదో చూడండి

ఇంటెల్ 7వ తరం ఐ7-7700 2017 జనవరిలో వచ్చింది. నాలుగు కోర్లు (లెక్కలు చేసే భాగాలు), ఎనిమిది థ్రెడ్లు (ఒకేసారి నడపగల పనుల వరసలు), 3.6 నుంచి 4.2 గిగాహెర్ట్జ్ వేగం, 8 ఎంబీ క్యాష్ (చిప్ లోపలి చిన్న మెమరీ). 2020లో వచ్చిన 10వ తరం ఐ3-10100కి కూడా నాలుగు కోర్లు, ఎనిమిది థ్రెడ్లు, వేగం 3.6 నుంచి 4.3 గిగాహెర్ట్జ్, క్యాష్ మాత్రం 6 ఎంబీ. రెండూ 65 వాట్లవే, రెండింటి లోపలా ఉన్నది స్కైలేక్ అనే ఒకే కోర్ నిర్మాణమే. రోజువారీ పనిలో ఏది ఏదో చెప్పడం కష్టం. అయినా సెకండ్ హ్యాండ్‌లో ఐ7కి ఎక్కువ ధర అడుగుతారు, కొనేవాళ్లు ఇస్తారు కూడా.

ఐ7 అన్న పేరు అందుకు ఒక కారణం. అసలు కారణం వేరే ఉంది. 100, 200 సిరీస్ చిప్‌సెట్ (మదర్‌బోర్డు మీది నియంత్రణ చిప్) ఉన్న బోర్డుల మీద నడిచే చిప్‌లలో 7700, 7700కె పైమెట్టువి. ఆ బోర్డులున్న వాళ్లంతా చివరికి వాటికోసమే వెతుకుతారు. ఏ సాకెట్‌లో (బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే చోటు) చూసినా ఇదే వరస: పైమెట్టు చిప్ ధర దిగదు, ఒక్క మెట్టు కిందికి వస్తే గబుక్కున పడిపోతుంది. కాబట్టి పాత ప్రాసెసర్లలో పైచిప్ ఎప్పుడూ మంచి బేరం కాదు. ఎల్‌జీఏ 1155 సాకెట్ (ఇంటెల్ 2, 3 తరాలది) ఉన్న బోర్డుకి ఐ7-3770 వెతికే బదులు ఇంటెల్ సర్వర్ చిప్ జియాన్ ఈ3-1230 వీ2 చూడండి. అవే నాలుగు కోర్లు, ఎనిమిది థ్రెడ్లు, అదే 8 ఎంబీ క్యాష్, వేగం 3.3 నుంచి 3.7. లోపల గ్రాఫిక్స్ ఉండదు, అదే పెద్ద లోటు. విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉన్నవాళ్లకి ఆ లోటు తెలియదు. మీ బోర్డు తయారీదారు ఇచ్చే సీపీయూ సపోర్ట్ జాబితాలో ఆ జియాన్ పేరుందో లేదో, ఏ బయోస్ (బోర్డులోని మూల సాఫ్ట్‌వేర్) వెర్షన్ నుంచి నడుస్తుందో ముందు చూసుకోండి. ఈ కిటుకు ఆరో తరం దగ్గర ఆగిపోతుంది. ఈ3 వీ5 జియాన్లకు సీ232, సీ236 చిప్‌సెట్ బోర్డులే కావాలి. సాకెట్‌లో చక్కగా కూర్చుంటుంది గానీ హెచ్110, బీ150 బోర్డుల మీద నడవదు.

అందుకే పాత ప్రాసెసర్‌ని విడిగా తూకం వేయడం తప్పు. బోర్డు, ర్యామ్, కూలర్, గ్రాఫిక్స్ అన్నీ కలిపి ఎంతవుతుందో చూడాలి. బోర్డు ఇప్పటికే ఉంటే ఆ సాకెట్‌లో పైనుంచి రెండో మెట్టు చిప్ వేసుకుని మరి రెండేళ్లు నడపండి. బోర్డు కూడా కొనాల్సి వస్తే మాత్రం 2017 చివర్లో వచ్చిన ఇంటెల్ 8వ తరం కంటే, 2018 నాటి ఏఎండీ రైజెన్ 2000 కంటే వెనక్కి వెళ్లకండి. ఈ గీత ఎందుకు గీస్తున్నానో కింద చెబుతాను.

వేగం లెక్క

గిగాహెర్ట్జ్ అంటే కోర్ సెకనుకి ఎన్నిసార్లు అడుగు వేస్తుందో చెప్పే అంకె. అడుగు పొడవెంతో అది చెప్పదు. ఒక్కో అడుగులో అయ్యే పనిని ఐపీసీ అంటారు. రెండింటినీ గుణిస్తే ఒక్క కోర్ సత్తా తెలుస్తుంది. కోర్ల లెక్క ఆ తర్వాతే. బ్రౌజర్, స్ప్రెడ్‌షీట్, చాలా ఆటలు ఒకటి రెండు థ్రెడ్ల మీదే ఎక్కువ బరువు వేస్తాయి. ఆ థ్రెడ్ ఎంత చురుగ్గా ఉంటే కంప్యూటర్ అంత చురుగ్గా అనిపిస్తుంది. వీడియో ఎన్‌కోడింగ్, రెండరింగ్, కోడ్ కంపైల్ చేయడం, వర్చువల్ మెషీన్లు మాత్రం ఎన్ని కోర్లిస్తే అన్నీ వాడుకుంటాయి.

పేరు గొప్ప ఊరు దిబ్బ అన్న మాటకి ఏఎండీ ఎఫ్ఎక్స్-8350 సరిగ్గా సరిపోతుంది. 2012 అక్టోబరులో వచ్చింది, ఎనిమిది కోర్లు, 4.0 నుంచి 4.2 గిగాహెర్ట్జ్, 125 వాట్లు. కాగితం మీద చూస్తే అదే ఏడాది వచ్చిన ఐ5-3470 (నాలుగు కోర్లు, 3.2 నుంచి 3.6, 77 వాట్లు) దాని ముందు నిలవకూడదు. కానీ ఒక్క థ్రెడ్ పనిలో, చాలా ఆటల్లో ఆ ఐ5నే ముందుంటుంది. ఎఫ్ఎక్స్‌లో ఎనిమిది కోర్లు నాలుగు మాడ్యూళ్లుగా ఉంటాయి. ఒక్కో మాడ్యూల్‌లోని రెండు కోర్లు ఒకే ఫ్లోటింగ్ పాయింట్ యూనిట్‌ని (దశాంశ లెక్కలు చేసే భాగం), ఒకే డీకోడర్‌ని (సూచనల్ని విప్పి చదివే భాగం) పంచుకుంటాయి. వీడియో ఎన్‌కోడింగ్ లాంటి పనుల్లో అది నిజంగానే ఐ5ని దాటేస్తుంది, మిగతా చోట్ల వెనకబడుతుంది. దీన్ని ఎనిమిది కోర్ల చిప్‌గా అమ్మడంపై అమెరికాలో నడిచిన కేసులో ఏఎండీ 2019లో 1.21 కోట్ల డాలర్లకు రాజీ పడింది. ఎఫ్ఎక్స్‌తో ఇంకో తంటా ఉంది. దాని సాకెట్ ఏఎం3+ ఉన్న చవక బోర్డుల మీద హీట్ సింక్ లేని వీఆర్ఎం (ప్రాసెసర్‌కి కరెంటు అందించే భాగం) 125 వాట్లు తట్టుకోలేదు. బరువైన పని మొదలైన కొద్ది నిమిషాలకే వేగం 4.0 నుంచి పడిపోతుంది. చిప్ చల్లగానే ఉంటుంది, సాకెట్ చుట్టూ కాలిపోతుంటుంది. అది ప్రాసెసర్ దోషం అనుకుని కూలర్ మార్చడం వృథా.

2017 మార్చిలో రైజెన్‌తో ఈ కథ మారింది. ఎఫ్ఎక్స్ వంశంలో చివరిదైన ఎక్స్‌కవేటర్ కంటే రైజెన్ లోపలి జెన్ కోర్ ఐపీసీ 52 శాతం ఎక్కువని ఏఎండీ ప్రకటించింది. ఆ తర్వాత జెన్2కి 15 శాతం, జెన్3కి మరో 19 శాతం చెప్పింది. ఈ అంకెలతో చిన్న లెక్క వేద్దాం. రైజెన్ 5 2600 (జెన్ ప్లస్, అంటే కాస్త దిద్దిన జెన్) గరిష్ఠ వేగం 3.9, రైజెన్ 5 5600ది (జెన్3) 4.4. ఐపీసీ 1.15ని 1.19తో గుణిస్తే 1.37. వేగం 4.4ని 3.9తో భాగిస్తే 1.13. రెండూ గుణిస్తే దాదాపు 1.54. అంటే ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లు రెంటికీ సమానమే అయినా ఒక్కో కోర్ ఒకటిన్నర రెట్లు ఎక్కువ పని చేస్తుంది. రెండింటి ధరలు పక్కపక్కన పెట్టుకుని, తేడా ఒకటిన్నర రెట్ల లోపు ఉంటే 5600 తీసుకోండి.

ఇంటెల్ వైపు దీనికి పూర్తిగా తిరగబడ్డ లెక్క. డెస్క్‌టాప్‌లో 2015 ఆగస్టులో వచ్చిన 6వ తరం నుంచి 2020 నాటి 10వ తరం దాకా కోర్ నిర్మాణం మారలేదు. మారినవి కోర్ల సంఖ్య, వేగం మాత్రమే. ఐ5-6500లో నాలుగు కోర్లు, నాలుగు థ్రెడ్లు, గరిష్ఠంగా 3.6. ఐ5-8400లో ఆరు కోర్లు, ఆరు థ్రెడ్లు, 4.0. ఐ5-10400లో ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లు, 4.3. కాబట్టి ఈ ఐదు తరాల మధ్య పోలిక చాలా తేలిక, ఐపీసీ గొడవ లేకుండా కోర్లు, గిగాహెర్ట్జ్ చూస్తే చాలు. ఒక్క జాగ్రత్త: బేస్ (కనీస) వేగం చూసి బెదరకండి. 8400 బేస్ 2.8 అనే ఉంటుంది, కానీ ఆరు కోర్లూ పనిలో ఉన్నప్పుడు కూడా టర్బో (పని పడినప్పుడు పెరిగే వేగం) 3.8 దాకా వెళ్తుంది. బోర్డు 65 వాట్ల దగ్గర గట్టిగా కట్టేస్తే ఆ 3.8 అన్ని పనుల్లోనూ నిలవదు. బ్రాండెడ్ ఆఫీసు కంప్యూటర్లలో ఇలా ఎక్కువగా జరుగుతుంది.

పేర్లలో దాగిన ఉచ్చులు

ఐ5 అంటే 7వ తరం దాకా నాలుగు కోర్లే అని అందరూ చెబుతారు. కానీ ఐ5-3470టీ, ఐ5-4570టీ రెండు కోర్లవి. టీ అక్షరం ఉన్నవి తక్కువ కరెంటు చిప్‌లు, వేగం కూడా కోసేసి ఉంటుంది. ఐ5-6500 3.6 దాకా వెళ్తే ఐ5-6500టీ 3.1 దగ్గర ఆగుతుంది. చిన్న డబ్బా కంప్యూటర్లలో ఎక్కువగా ఇవే ఉంటాయి. అమ్మేవాళ్లు ఆ చివరి అక్షరం రాయకుండా వదిలేస్తే ఫొటో అడగండి.

రైజెన్ 3 3200జీ, రైజెన్ 5 3400జీ పేరులో 3000 ఉన్నా లోపల ఉన్నది జెన్2 కాదు, జెన్ ప్లస్. అందుకే అధికారికంగా బీ550, ఏ520 బోర్డుల మీద వీటికి సపోర్ట్ లేదు. చాలామంది బోర్డు కొన్నాక, తెర మీద ఏమీ రాకపోయాక తెలుసుకునే సంగతి ఇది.

8వ తరం ఇంటెల్ చిప్‌ల సాకెట్ పేరు ఎల్‌జీఏ 1151. 6, 7 తరాలదీ అదే పేరు, అదే ఆకారం. కానీ 8, 9 తరాలకు 300 సిరీస్ చిప్‌సెట్ తప్పనిసరి. హెచ్110 బోర్డు మీద ఐ3-8100 బిగిస్తే బిగుస్తుంది, బూట్ మాత్రం కాదు.

పెంటియమ్ జీ4560 ఒకప్పుడు మంచి చవక చిప్, రెండు కోర్లు, నాలుగు థ్రెడ్లు, 3.5 గిగాహెర్ట్జ్. కానీ దానిలో ఏవీఎక్స్ సూచనలు (ఒకేసారి చాలా అంకెలు లెక్కవేసే ఆదేశాలు) లేవు. ఏవీఎక్స్ అడిగే ఆట క్లిక్ చేయగానే మూసుకుపోతుంది, కారణం చెప్పదు. ఏవీఎక్స్2 ఐతే ఇంటెల్‌లో 2013 నాటి హాస్‌వెల్ (4వ తరం) నుంచే మొదలు. శాండీ బ్రిడ్జ్ (2వ తరం), ఐవీ బ్రిడ్జ్ (3వ తరం), ఎఫ్ఎక్స్-8350 మూడింటిలోనూ లేదు. పాత ఏఎండీ ఫినమ్ 2 చిప్‌లకు ఎస్ఎస్ఈ4.1 అనే ఇంకా పాత సూచనలు కూడా లేవు కాబట్టి ఆరు కోర్లున్నా కొత్త ఆటలు కొన్ని వాటి మీద మొదలే కావు. వేగం సరిపోకపోతే కాస్త ఓపిక పట్టవచ్చు, సూచనే లేకపోతే చేయగలిగింది లేదు.

గీత 2017 దగ్గరే ఎందుకు

మొదటిది విండోస్. విండోస్ 10కి సాధారణ సపోర్ట్ 2025 అక్టోబరు 14న ముగిసింది. విండోస్ 11 అధికారిక జాబితా ఇంటెల్‌లో 8వ తరంతో, రైజెన్‌లో 2000 వరుసతో మొదలవుతుంది. టీపీఎం 2.0 (తాళంచెవులు దాచే భద్రతా ఏర్పాటు) కావాలి. ఈ చిప్‌లకు అది ఫర్మ్‌వేర్‌లోనే వస్తుంది, బయోస్‌లో ఇంటెల్‌కి పీటీటీ, ఏఎండీకి ఎఫ్‌టీపీఎం అన్న పేరుతో ఉంటుంది, ఆన్ చేస్తే సరి. పాత చిప్ మీద అడ్డదారిలో ఎక్కించవచ్చు గానీ విండోస్ 11 24హెచ్2 వెర్షన్ నుంచి ఎస్ఎస్ఈ4.2 సూచనలు లేని చిప్ బూటే కాదు, కోర్ 2 క్వాడ్ క్యూ6600 లాంటివి అక్కడితో ఆఖరు. లినక్స్ వాడేవాళ్లకు ఈ గొడవ లేదు. నాలుగో తరం ఐ5 మీద కూడా అది హాయిగా నడుస్తుంది.

రెండోది వీడియో. ఇంటెల్ లోపలి గ్రాఫిక్స్‌లో 10 బిట్ హెచ్.265, వీపీ9 అనే రకాల వీడియోని హార్డ్‌వేర్‌లో విప్పడం 7వ తరంతో పూర్తిస్థాయిలో వచ్చింది. ఐ5-4590 లాంటి చిప్ మీద అలాంటి 4కె వీడియో పెడితే ఆ భారమంతా కోర్ల మీద పడి ఫ్యాన్ అరుస్తుంది, ఫ్రేములు జారిపోతాయి. ఏవీ1 అనే కొత్త రకం వీడియోకి హార్డ్‌వేర్ డీకోడింగ్ ఇంటెల్ డెస్క్‌టాప్‌లో 11వ తరం నుంచి. రైజెన్ 1600, 2600, 3600, 5600లలో లోపలి గ్రాఫిక్సే లేదు. ఆటల కోసం కార్డు ఎలాగూ కొనేవాళ్లకి పర్వాలేదు. ఆఫీసు పనికి, సినిమాలకు మాత్రమే అయితే ఆ కార్డు ధర కూడా కలపాలి, అప్పుడు ఐ5-10400 చవకగా తేలుతుంది.

మూడోది 2018 జనవరిలో బయటపడ్డ మెల్ట్‌డౌన్, స్పెక్టర్ అనే ప్రాసెసర్ భద్రతా లోపాలు. వాటికి వేసిన మందు (సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు) వల్ల హాస్‌వెల్, అంతకు ముందు చిప్‌లు ఎక్కువ నెమ్మదించాయి, ముఖ్యంగా డిస్క్ చదవడం, రాయడం ఎక్కువగా ఉండే పనుల్లో. 2012 నాటి రివ్యూలో ఐ7-3770కి ఉన్న అంకెలు ఇవాళ అలాగే రావు. పాత రివ్యూల్ని కొత్త రివ్యూలతో కలిపి పోల్చకండి. ఒకేసారి, ఒకే విండోస్ మీద పాతా కొత్తా చిప్‌లు పరీక్షించిన పట్టికలనే నమ్మండి.

ఇక బోర్డు. ఎల్‌జీఏ 1155 నాటి హెచ్61 బోర్డులో ర్యామ్‌కి రెండే స్లాట్లు, గరిష్ఠం 16 జీబీ, చిప్‌సెట్‌లో సాటా (డిస్క్ తగిలించే పోర్టు) 6 జీబీపీఎస్ లేదు, యూఎస్‌బీ 3.0 లేదు. 2011లో తొలి విడతగా వచ్చిన 6 సిరీస్ చిప్‌సెట్‌లలో నెమ్మదైన సాటా పోర్టులు కాలం గడిచేకొద్దీ దెబ్బతినే లోపం ఉండేది. బీ3 రివిజన్‌లో దిద్దారు. అంతకు ముందు బోర్డు దొరికితే 6 జీబీపీఎస్ పోర్టులు రెండే వాడండి. గ్రాఫిక్స్ కార్డు విషయంలో పీసీఐఈ (కార్డుకీ ప్రాసెసర్‌కీ మధ్య దారి) తరం కూడా చూడాలి. ఆర్ఎక్స్ 6500 ఎక్స్‌టీ నాలుగే లేన్లు వాడుతుంది. శాండీ బ్రిడ్జ్ ఇచ్చేది పీసీఐఈ 2.0, నాలుగు లేన్లకు సెకనుకి సుమారు 2 జీబీ. ఆ కార్డు కోరుకునే 4.0లో నాలుగో వంతు మాత్రమే.

రైజెన్ 1000 వరుస గురించి ఒక మాట. రైజెన్ 5 1600 ఇప్పటికీ ఆరు కోర్ల మంచి చిప్, లినక్స్ హోమ్ సర్వర్‌కి బాగా సరిపోతుంది. కానీ 2017 తొలి నెలల్లో తయారైనవాటిలో లినక్స్ మీద భారీ కంపైల్ పనులు సెగ్మెంటేషన్ ఫాల్ట్‌తో పడిపోయేవి. చిప్ మీద యూఏ తర్వాత ఉండే నాలుగు అంకెలు చూడండి, 1725 అంటే 2017లో 25వ వారం. అంతకు ముందు వారాలవి వదిలేయండి. రైజెన్ ఏదైనా ర్యామ్ ఒక్క స్టిక్‌తో నడపకండి. ర్యామ్ వేగమూ చూసుకోండి: కోర్లని కలిపే ఇన్ఫినిటీ ఫ్యాబ్రిక్ వేగం ర్యామ్ వేగంతో ముడిపడి ఉంటుంది. డీడీఆర్4 3200 స్టిక్‌లు కొత్తగా వేస్తే బోర్డు వాటిని చాలాసార్లు 2133 లేదా 2400 దగ్గరే నడుపుతుంది. బయోస్‌లో ఎక్స్ఎంపీ (ర్యామ్‌ని దాని పూర్తి వేగంతో నడిపే సెట్టింగ్) ఆన్ చేయకుండా ఏళ్లు గడిపేసేవాళ్లు చాలామంది. జెన్, జెన్ ప్లస్ చిప్‌లు 3200 దగ్గర మొండికేస్తే 2933కి దించండి, నిలకడగా ఉంటుంది.

ఏఎం4 (రైజెన్ 1000 నుంచి 5000 దాకా వాడే సాకెట్) బోర్డు ఉన్నవాళ్లది అదృష్టం. 2017 నాటి ఏ320, బీ350, ఎక్స్370 బోర్డుల్లో చాలావాటికి 2022లో రైజెన్ 5000 సపోర్ట్ ఇచ్చారు. పద్ధతి తప్పితే మాత్రం బోర్డు మూగబోతుంది. పాత చిప్ ఇంకా లోపల ఉండగానే బయోస్ అప్‌డేట్ చేయాలి. పెన్‌డ్రైవ్ ఎఫ్ఏటీ32లో ఫార్మాట్ చేసి, తయారీదారు పేజీలో మధ్యంతర వెర్షన్ ముందు వేయమని రాసి ఉంటే అదే వేసి, ఆ తర్వాతే కొత్తది. పూర్తయ్యాక ఒకసారి పాత చిప్‌తోనే బూట్ అయిందో లేదో చూసి, కరెంటు తీసి, అప్పుడు మార్చండి. కొన్ని కొత్త బయోస్‌లు జాగా చాలక పాత చిప్‌ల సపోర్ట్ తీసేస్తాయి, వెనక్కి వెళ్లే దారి ఉండదు. తయారీదారు పేజీలో అలాంటి వాక్యం ఉందేమో చదవకుండా ముందుకు పోకండి.

జియాన్ ఈ5లు చూసి నోరూరడం సహజం. ఈ5-2680 వీ4లో పద్నాలుగు కోర్లు, ఇరవై ఎనిమిది థ్రెడ్లు, ధర ఒక మామూలు ఐ5 అంత కూడా ఉండదు. రెండరింగ్‌కి, పది వర్చువల్ మెషీన్లు నడపడానికి దీన్ని మించిన చవక లేదు. ఒక్క కోర్ వేగం 3.3 మాత్రమే కాబట్టి ఆటలకి ఐ3-10100నే మేలు. ఈ జియాన్‌ల కోసం కొత్తగా దొరికే చవక ఎక్స్99 బోర్డుల్లో వాడేసిన బోర్డుల నుంచి తీసిన చిప్‌సెట్‌లు ఉంటాయి. స్లీప్ నుంచి లేవకపోవడం, ఫ్యాన్ వేగం అదుపులోకి రాకపోవడం వాటిలో మామూలే. వీటికి వాడే రిజిస్టర్డ్ ఈసీసీ ర్యామ్ (సర్వర్ల ర్యామ్) చాలా చవక, కానీ ఆ స్టిక్‌లు మామూలు డెస్క్‌టాప్ బోర్డులో పనిచేయవు.

కరెంటు లెక్క కూడా వేసుకోండి. ఒక యంత్రం మరోదానికంటే 40 వాట్లు ఎక్కువ లాగుతుందనుకుందాం. రోజుకి 8 గంటలు, ఏడాదికి 300 రోజులంటే 96 యూనిట్లు. మూడేళ్లు వాడితే 288. ఆ బిల్లుని చిప్ ధరకి కలిపి చూస్తే చవకనుకున్నది చాలాసార్లు చవకగా మిగలదు.

చేతికొచ్చాక

చిప్ పైమూత మీద అక్షరాలు ముందు చదవండి. ఇంటెల్ అమ్మిన చిప్ మీద ఎస్ఆర్ లేదా ఎస్ఎల్‌తో మొదలయ్యే కోడ్ ఉంటుంది. అక్కడ క్యూతో మొదలయ్యే కోడ్, ఇంటెల్ కాన్ఫిడెన్షియల్ అన్న మాటలు ఉంటే అది ఇంజినీరింగ్ శాంపిల్. చూపించే వేగం వేరుగా ఉండొచ్చు, బయోస్ గుర్తించకపోవచ్చు, కొనకండి. పైమూత మీది ముద్ర నమ్మదగింది కాకపోతే సీపీయూ-జడ్ సాఫ్ట్‌వేర్ చూపించే పేరే ప్రమాణం.

ర్యామ్ రెండు స్టిక్‌లూ రెండు చానెళ్లలోనూ (ర్యామ్‌కీ ప్రాసెసర్‌కీ మధ్య దారులు) కనిపిస్తున్నాయా చూడండి. ఒక చానెల్ మాత్రమే కనిపిస్తే చాలాసార్లు సాకెట్‌లో ఒక పిన్ను వంగి ఉంటుంది, లేదా చిప్ అడుగు పలకల మీద థర్మల్ పేస్ట్ పడి ఉంటుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి మళ్లీ చూడండి. తర్వాత మెమ్‌టెస్ట్86 (ర్యామ్ పరీక్ష) ఒక పూర్తి రౌండు, ఆపైన హెచ్‌డబ్ల్యూఇన్ఫో (వేడి, వేగం చూపేది) తెరిచి ఉంచి ప్రైమ్95 (ప్రాసెసర్ మీద పూర్తి బరువు వేసేది) అరగంట. హాస్‌వెల్ 100 డిగ్రీలకి, రైజెన్ 5 3600 95 డిగ్రీలకి చేరితే తమంతట తామే వేగం తగ్గించుకుంటాయి. పేస్ట్ కొత్తగా రాసినా ఐవీ బ్రిడ్జ్, హాస్‌వెల్ చిప్‌లు వేడిగానే ఉంటే కారణం మూత లోపల ఉంటుంది. శాండీ బ్రిడ్జ్‌లో మూతకి, సిలికాన్‌కి మధ్య టంకం ఉండేది, వీటిలో పేస్ట్ పెట్టారు, అది ఏళ్లకి ఎండిపోతుంది.

ఏఎం4 చిప్‌ని బోర్డు నుంచి తీసేటప్పుడు తొందరపడకండి. పిన్నులు చిప్‌కే ఉంటాయి, ఎండిన పేస్ట్ చిప్‌ని కూలర్‌కి అంటిపెట్టి ఉంచుతుంది. కూలర్‌ని నిట్టనిలువుగా లాగితే లివర్ వేసి ఉన్నా సాకెట్ నుంచి చిప్ ఊడి వస్తుంది, పిన్నులు వంగుతాయి. ముందు పది నిమిషాలు బరువైన పని పెట్టి పేస్ట్ వెచ్చబడనివ్వండి, ఆపేసి కరెంటు తీయండి, కూలర్ స్క్రూలు విప్పి, పైకి ఎత్తకుండా అటూ ఇటూ మెల్లగా తిప్పుతూ ఉంటే పట్టు వదులుతుంది. ఒకటి రెండు పిన్నులు వంగితే, లెడ్ తీసేసిన మెకానికల్ పెన్సిల్ మొనని పిన్ను మీద తొడిగి కొద్దికొద్దిగా నిలబెట్టండి. చిప్‌ని కంటికి సమానంగా పట్టుకుని వరసలు రెండు వైపుల నుంచీ చూడండి. సాకెట్‌లో పెట్టాక తన బరువుకే దిగాలి. దిగకపోతే నొక్కకండి, పైకి తీసి ఏ పిన్ను అడ్డుపడుతోందో మళ్లీ చూడండి.